పట్నాన్ని మన కాళ్ళతోని చూద్దాం!

(మధిరలో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎవరన్న ఎగిరెగిరి పడితే మనం ఏమంటం? ‘నువ్వేమన్న పెద్ద తుర్రంఖాన్‌వా?’ అంటం. ఆ మాట వెనక ఉన్నది తుర్రెబాజ్ ఖాన్ అంటరు. 1857 జూలై 17న మౌల్వీ అల్లావుద్దీన్‌తోని కలిసి హైదరాబాద్ బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి దండెత్తిన వీరుడు. ఆ పేరు మన నోట్ల ఎగతాళి అయింది, చరిత్ర మాత్రం మరుగున పడ్డది.

పట్నంల ఇప్పుడు హెరిటేజ్ వాక్‌లు నడుస్తున్నయి. గైడ్ పది ఇరవైమందిని వెంటేసుకొని గల్లీగల్లీ తిప్పుతడు. మంచిదే. మేము కూడ ఓసారి పోయినం. 1591ల కట్టిన చార్మినార్, చౌమహల్లా షాండ్లియర్లు, నవాబుల నగలు అన్నీ చెప్పిండు. ఆ రాళ్ళు మోసినోళ్ళెవరని అడిగితే నవ్వి ఊకున్నడు. మన నడక మనమే నడవాలని ఆనాడే అనుకున్నం.

చార్మినార్ కాడ మొదలుపెట్టి పత్తర్‌గట్టి మీదుగ మదీనా చౌరస్తాకు రావాలె. హైకోర్టు దిక్కు తిరిగితే సిటీ కాలేజీ. 1952 సెప్టెంబర్ 3న ముల్కీ ఉద్యమంల పోలీసులు కాల్పులు జరిపింది అక్కడనే. ఆంధ్రప్రదేశ్ ఇంక పుట్టనే లేదు, మన నౌకర్ల కోసం మన రక్తం అప్పటికే పారింది.

నయాపూల్ మీద మూసీ దాటితే ఉస్మానియా దవాఖాన. అక్కడి చింతచెట్టు కింద జర నిలబడుండ్రి. 1908 సెప్టెంబర్ 28 వరదల 150 మంది దాని కొమ్మలు పట్టుకొని బతికిండ్రంటరు. కవి అంజద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, బిడ్డను ఆ వరదలనే పోగొట్టుకున్నడు. ఆ దుఃఖంల నుంచే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పుట్టినయి. 1956కు ముందు ఇక్కడ ఏముండె అన్నోళ్ళకు ఆ రెండు చెరువులే జవాబు.

బేగంబజార్ల మార్వాడీ దుకాణాలు, సుల్తాన్‌బజార్ల మరాఠీ గ్రంథాలయం. ఇంక జర దూరం పోతే బార్కస్‌ల అరబ్బుల వారసులు, ఏసీ గార్డ్స్‌ల ఆఫ్రికా సిద్దీల సంతానం. బతకొచ్చినోళ్ళందరిని పట్నం కడుపుల పెట్టుకున్నది. మనం కొట్లాడింది బతకొచ్చినోళ్ళతోని కాదు, పెత్తనం చెయ్యొచ్చినోళ్ళతోని. ఈ తేడా పుస్తకం కంటె గల్లీల తొందరగ తెలుస్తది.

నడక కోఠీల ముగుస్తది. ఆ రెసిడెన్సీనే మొన్నటి మహిళా కాలేజీ, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్న యూనివర్సిటీ. దగ్గర్లనే తుర్రెబాజ్ ఖాన్ స్మారకం. ఒక్క నిమిషం ఆగి దండం పెట్టుండ్రి.

మధిరోళ్ళకు ఇదంత ఎందుకంటరా? మనకు బెజవాడ దగ్గర, పట్నం దూరం. ‘మీరసలు తెలంగాణోళ్ళేనా’ అని ఉద్యమంల మనల్ని అడిగినోళ్ళున్నరు. 1969 జనవరిల రవీంద్రనాథ్ నిరాహార దీక్షకు కూసున్నది ఖమ్మంలనే అని, సర్దార్ జమలాపురం కేశవరావు మన పక్క ఎర్రుపాలెం బిడ్డనే అని మనం గట్టిగ చెప్పకపోతిమి.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. అదే సంవత్సరం భద్రాచలం అడవి దిక్కు 7 మండలాలు ఆంధ్రల కలిసినయి. కూనవరం, చింతూరు ఎట్లుంటయో కండ్ల చూసినోళ్ళు మనల ఎంతమంది? చూడని ఊరు పోతే గుండె కలుక్కుమనదు.

అందుకే ముందు పట్నం నడుద్దాం. అటెన్క ఖమ్మం ఖిల్లా, ఎర్రుపాలెం నడుద్దాం. సెలవు రోజు ఒక్కొక్క సారు, ఒక్కొక్క ఎన్జీవో పదిమంది పిల్లల్ని వెంటబెట్టుకోవాలె. మన చరిత్రకు గైడ్లం మనమే కావాలె.

జై తెలంగాణ!