అర్జీలో మూడో రూపం

(కిష్టారెడ్డిపేటలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగును అధికార భాషగా చేస్తూ ఉమ్మడి రాష్ట్రంలో 1966లోనే చట్టం వచ్చింది. అయినా ట్రెజరీకి, బ్యాంకుకు మనం ఇచ్చే కాగితాలు చాలావరకు ఇంగ్లీషులోనే నడుస్తున్నాయి. అందులో తడబాటు ఎక్కువగా క్రియ మూడో రూపం దగ్గరే. 'గో, వెంట్, గాన్' అని బడిలో వల్లించాం కదా, అందులో చివరిది.

మాకు తెలిసిన ఒక ఫ్యామిలీ పెన్షనర్ అమ్మగారికి డీఏ బకాయిలు రావాలి. మనవడు రాసిచ్చిన అర్జీలో విషయం అన్నచోట 'అరియర్స్ డ్రాన్' అని ఉంది. అబ్బాయి ఉద్దేశం 'టు బి డ్రాన్', అంటే ఇంకా డ్రా చేయవలసినవి. సెక్షన్ వారు 'డ్రా అయినవి' అని చదువుకుని ఫైలు మూసేశారు. ఆమె మళ్లీ అర్జీ పెట్టుకుని నాలుగు నెలలు తిరిగారు. రెండు చిన్న ముక్కలు లేనందుకు!

మూడో రూపం వాక్యంలో ఒంటరిగా నిలవదు. ముందు 'హావ్', 'హాజ్' గాని, 'ఈజ్', 'వాజ్', 'బి' గాని ఉండాలి. 'ఐ డ్రూ' సరే, 'ఐ హావ్ డ్రాన్' సరే. 'ఐ డ్రాన్', 'ఐ హావ్ డ్రూ' రెండూ తప్పే. అలాగే 'హాజ్ వెంట్' కాదు, 'హాజ్ గాన్'.

'బోర్న్' సంగతి తమాషా. పుట్టిన తేదీకి రాసేటప్పుడు చివర ఇ అక్షరం ఉండదు. ఖర్చు ప్రభుత్వం భరించింది అన్నచోట ఇ ఉండాలి. 'బోర్న్ ఆన్ ది రోల్స్'లో ఆ ఇ వదిలేస్తే ఉద్యోగి రిజిస్టరులోనే పుట్టినట్టు!

జీవోల్లో 'ఫస్ట్ రెడ్ అబవ్' అని వస్తుంది. అదీ మూడో రూపమే. స్పెల్లింగు మారదు గనుక చాలామంది సూపరింటెండెంట్లు సర్వీసంతా 'రీడ్' అనే చదివారు. కాగితానికి నష్టం లేదు లెండి.

ఇంగ్లీషుకే ఈ వంకర అనుకోకండి. మనం 'వచ్చాడు' అంటాం, కాని 'వచ్చలేదు' అనం, 'రాలేదు' అంటాం. రోజూ నోట్లో నలిగే మాటలే పాత రూపాలను వదలవు. ఇంగ్లీషు వారి పిల్లలు కూడా మొదట్లో 'గో'కు 'గోడ్' అనేస్తారు, 'వెంట్' మెల్లగా పట్టుబడుతుంది. అమెరికాలోని మనవలు 'గాటెన్' అంటే దిద్దకండి, అక్కడ అది ఒప్పే. మన అర్జీకి 'గాట్' చాలు.

అర్జీ ఇచ్చే ముందు ఒకసారి చూపించుకోదలచినవారు సమావేశం అయ్యాక కాగితం తీసుకుని నా దగ్గరకు రండి. కళ్లజోడు తెచ్చుకున్నాను.