బిళ్ళగన్నేరు – నా అనుభవం
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెరటి మొక్కల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ముప్ఫై నాలుగేళ్ళు ఫైళ్ళ మధ్య బతికిన గుమాస్తాను. నాకు బాగా తెలిసిన మొక్క ఒక్కటే, బిళ్ళగన్నేరు.

ఇది మన వయసుకు తగిన మొక్క. బిందెలతో నీళ్ళు మోయనక్కర్లేదు. ఎండ ఎంత తగిలితే అంత బాగా పూస్తుంది. నాటుకున్నాక, పైమట్టి ఆరితేనే నీళ్ళు పోయాలి. నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. కుండీకి అడుగున చిల్లు తప్పనిసరి. తెలుపు, గులాబి, తెలుపులో ఎర్రబొట్టు – ఇలా అయిదు రేకుల పూలు దాదాపు ఏడాది పొడుగునా పూస్తూనే ఉంటాయి. కొమ్మలు సాగి బోడిగా కనిపిస్తే కత్తిరించండి, మళ్ళీ గుబురుగా వస్తుంది. రాలిన గింజలు పిలవకుండానే మొలుస్తాయి.

ఇక అసలు సంగతి. మూడేళ్ళ క్రితం పార్కులో ఒక మిత్రుడు, పరగడుపున అయిదాకులు నమిలితే షుగరు దిగుతుందన్నారు. మా ఆవిడకు చెప్పకుండా మొదలుపెట్టాను. వారం తిరక్కుండా వాంతులు, నీరసం. డాక్టరుగారు అంతా విని, "సర్వీసులో ఎప్పుడైనా చదవకుండా ఫైలు పైకి పంపారా?" అని అడిగారు. తల వంచుకున్నాను.

తర్వాత ఆయనే వివరించారు. ఈ మొక్క పుట్టిల్లు మడగాస్కర్ ద్వీపం. జమైకాలో చక్కెర వ్యాధికి దీని ఆకుల కషాయం తాగేవారట. కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రజ్ఞులు ఆ ఆకుల సారాన్ని ఎలుకలకిచ్చి పరీక్షించారు. చక్కెర తగ్గలేదు గాని, తెల్ల రక్తకణాలు పడిపోయాయి! ఆ పరిశోధన వల్లే 1958లో విన్‌బ్లాస్టిన్ బయటపడింది. తర్వాత ఇదే మొక్కనుంచి విన్‌క్రిస్టిన్ వచ్చింది. పసిపిల్లల రక్త క్యాన్సరుకు ఇవ్వవలసిన మందు అది. వైద్యులు కొలిచి, జాగ్రత్తగా నరానికెక్కిస్తారు. అంతటి మందున్న ఆకును నేను తమలపాకులా నమిలాను.

కాబట్టి మిత్రులారా, బిళ్ళగన్నేరును తప్పక పెంచండి. పూలు దేవుడికి పెట్టండి. ఆకులు మాత్రం మొక్కకే వదిలేయండి. మనవల నోటికి అందనివ్వకండి. షుగరు మందులు మానకండి. మొలకలు కావలసినవారు మా ఇంటికి రండి, కాఫీ కూడా ఇస్తాను – మా ఇంట్లో చక్కెర లేకుండానే!

సెలవు.