ఊసర భూమిలో చెట్టు కొలత



హిందీలోని 'ఊసర్' అనే మాటను తెలుగు చేయవలసి వచ్చినప్పుడు నేను 'చౌడు నేల' అని వ్రాస్తాను. సింధు గంగా మైదానంలో, ముఖ్యంగా ఉత్తరప్రదేశ్, హర్యానా, పంజాబులలో, తెల్లని పొర కట్టి, వాన నీరు ఇంకక, గడ్డి సైతం పలుచగా మొలిచే నేల అది. సోడియం ఎక్కువై మట్టి బిగుసుకుపోతుంది. చాలాచోట్ల సుమారు మీటరు లోతున గట్టి సున్నపు గుళికల పొర వేళ్ళకు అడ్డుపడుతుంది. 1969లో కర్నాల్‌లో వెలసిన కేంద్ర లవణ మృత్తికా పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు, ట్రాక్టరుకు బిగించిన బరమాతో ఆ పొరను ఛేదించి, గుంతమట్టిలో జిప్సం, పశువుల ఎరువు కలిపి నింపి, తుమ్మ వంటి చెట్లను పెంచే పద్ధతిని రూపొందించారు.

నివేదికలలో నాటిన మొక్కల సంఖ్య ఘనంగానే కనిపిస్తుంది. అవి పెరిగినవో లేదో కొలిచి చూస్తే గాని తెలియదు.

లేత మొక్కకు నేలమట్టాన కాండం మందమూ, గడకర్రతో ఎత్తూ కొలుస్తారు. చెట్టైన తరువాత 1.37 మీటర్ల, అనగా నాలుగున్నర అడుగుల ఎత్తున చుట్టుకొలత తీసి, 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. అక్కడ కాండంపై రంగుతో గీత గీయాలి. మరుసటి ఏడు టేపు జానెడు పైకి జరిగినదా, కాగితం మీద చెట్టు చిక్కిపోతుంది! ఆ ఎత్తుకు దిగువనే రెండుగా చీలిన కాండాన్ని రెండు చెట్లుగా లెక్కిస్తారు. కొమ్మలు క్రిందనే చీలే తుమ్మతో ఈ జాగ్రత్త తప్పదు.

అసలు చిక్కు సగటులో ఉన్నది. పది మొక్కలు నాటామనుకోండి. నాలుగు రెండేసి మీటర్లు, ఆరు అరేసి మీటరు ఎదిగినవి. సగటు 1.1 మీటర్లు. వేసవిలో ఆ ఆరూ ఎండిపోయినవి. మిగిలిన నాలుగూ అంగుళమైనా ఎదగలేదు. అయినను సగటు 2 మీటర్లకు ఎగబ్రాకినది! తోట సగానికి పైగా చచ్చిపోతే పట్టికలో అది అభివృద్ధిగా కనబడుతున్నది. అందుచేత బ్రతికిన మొక్కల శాతం ప్రక్కన లేని సగటును నేను నమ్మను.

మరొక సంగతి. తొలి రెండేళ్ళ పెరుగుదల చాలావరకు గుంతలో మనం నింపిన మంచి మట్టిదే. వేళ్ళు దానిని దాటి ఊసర భూమిని తాకిన పిమ్మటనే అసలు పరీక్ష. కనుక అవే చెట్లను, అదే గీత వద్ద, ఏటేటా అదే నెలలో కొలవాలి. చచ్చిన చెట్టు సంఖ్యను కొట్టివేయక, ఎండిన సంవత్సరాన్ని దాని ఎదుట వ్రాసి ఉంచాలి.