నాచోలు - ఒక పూట భోజనము

నలుబది యేండ్లుగా అన్నము వండుచున్న దానను, నాచోలనుగూర్చి మాటాడ వచ్చితినని శ్రోతలలో నా యీడువారు నవ్వవచ్చును. నవ్వుటకు కారణము లేకపోలేదు. డాలసు నగరమున మా అబ్బాయి యింట నేను మొదటిసారి వీనిని చేసిననాడు, ఎనిమిదేండ్ల మనుమడు రెండు ముక్కలు నోట వేసికొని, "నానమ్మా, ఇది ఉప్మాలా అయిపోయింది" అని పళ్లెము నెట్టి తన గదిలోనికి పోయెను. ఆ రాత్రి పాలు త్రాగియే పండుకొనెను.

వాడన్నది నిజమే. నేను మొక్కజొన్న చిప్సును గుట్టగా పోసి, పైన పలుచని రాజ్మా కూరయు టమాటాలును కుమ్మరించి, ఆపైన చీజు చల్లితిని. అడుగంతయు నానినది, పైది మాడినది.

ఈ వంటకము పుట్టుక తెలిసిన పిదప నా పొరపాటు బోధపడినది. టెక్సాసునకు ఎదురుగా, రియో గ్రాండే నదికి ఆవలి యొడ్డున, మెక్సికోలో పియెద్రాస్ నెగ్రాస్ అను ఊరు కలదు. 1940 దశకపు తొలినాళ్లలో అచ్చటి భోజనశాల కొకదానికి ఈవలి ఈగిల్ పాస్ నుండి కొందరు స్త్రీలు వచ్చిరట. వంటవాడు లేడు. అందు పనిచేయు ఇగ్నాసియో అనయా తానే వంటయింట దూరి, మొక్కజొన్న రొట్టెలను ముక్కోణములుగా కోసి వేయించి, చీజు వేసి కరగించి, ఊరవేసిన హలపేన్యో మిరపచక్రములు పెట్టి పంపెను. ఇగ్నాసియోను ముద్దుగా నాచో అందురు. నాటి పళ్లెమున గుట్ట లేదు. గుట్ట తరువాతివారి ఆశ.

కాని కడుపు నిండవలెనన్న గింజలుండవలెను గదా! నలుగురికి పావుకిలో రాజ్మా రాత్రి నానవేసి, మరునాడు కొత్తనీటిలో బాగుగా తెర్లించి మెత్తగా ఉడికింపవలెను. వెల్లుల్లి, జీలకర్ర వేగించి, గింజలు వేసి, సగము మెదిపి, గరిటె నిలుచునంతవరకు నీరిగిర్చవలెను. ముద్దపప్పుకంటెను గట్టిగా నుండవలెను. టమాటాలు తరిగి, ఉప్పు చల్లి, జల్లెడలో వేసి నీరు ఓడ్చవలెను. చీజు పావుకిలో ఇంటనే కోరుకొనుడు. అంగడిలో కోరి యమ్ముదానికి అంటుకొనకుండ పిండి చల్లుదురు గనుక అది చక్కగా కరగదు.

వెడల్పు పళ్లెమున దళసరి చిప్సును ఒక వరుస పరచి, ముందుగా చీజు చల్లవలెను. అది గింజల తడి చిప్సునకు తగులకుండ అడ్డుపడును. ఆపైన గింజలు చిన్నచిన్న ముద్దలుగా పెట్టి, రెండవ వరుసయు నట్లే పేర్చి, అంచులదాక చీజు చల్లవలెను. మూడవ వరుస వలదు. 200 డిగ్రీల ఓవెనులో ఎనిమిది నిమిషములు చాలును. చల్లనివన్నియు, అనగా టమాటాలు, ఉల్లి, కొత్తిమీర, నిమ్మరసముతో మెదిపిన అవకాడో, వడగట్టిన పెరుగు, బయటికి తీసిన పిదపనే వేయవలెను.

మొక్కజొన్నను సున్నపునీట ఉడికించి రుబ్బుట మెక్సికోవారి ప్రాచీనాచారము. దానివలన అందలి నయాసిన్ అను విటమిను దేహమునకు పట్టును. తాంబూలమున సున్నము నెరిగిన మనకిది వింతగాదు.

రెండవసారి చేసిననాడు నా పాలు వేరు పళ్లెమున ముందే తీసి పెట్టుకొంటిని. అందరును ఒక్క పళ్లెమున చేయిపెట్టుట చూడ ముచ్చటయే గాని, ఎంగిలి మాట నేనింకను విడువలేదు. మనుమడు అడుగువరుసలోని ముక్క నొకదానిని లాగి, నా చెవియొద్ద ఫెళ్లున విరిచెను. తరువాత గదిలోనికి పోలేదు. నా పళ్లెమువైపు జరిగి కూర్చుండెను.