అడవినాభి: పువ్వు లేనప్పుడు గుర్తుపట్టడం

హొసూరు చుట్టుపక్కల ఊళ్లలో ఏ మొక్క పేరు అడిగినా మూడు భాషల్లో జవాబు వస్తుంది. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, సరిహద్దు దాటితే కన్నడం. వానాకాలంలో కంచెల మీద, పొదల మీద ఎగబాకి, మంట రేగినట్టు పూసే ఒక పువ్వుంది. దాన్ని మనం అడవినాభి అంటాం, అగ్నిశిఖ అని కూడా అంటాం. తమిళంలో సెంగాందళ్, కార్తిగైప్పూ. వృక్షశాస్త్రంలో గ్లోరియోసా సుపర్బా. తమిళనాడు రాష్ట్ర పుష్పం ఇదే. మా బడిపిల్లలు ఈ మాటను పరీక్ష కోసం కంఠస్థం చేస్తారు. కంచె మీద పూసింది అదేనని మాత్రం చాలామందికి తెలియదు.

మూడేళ్ల కిందట, మార్చి నెలలో, ఏడో తరగతి పిల్లవాడొకడు సంచిలో రెండు గడ్డలు తెచ్చి నాకు చూపించాడు. చేను గట్టు మీద కంచె గుంజలకు గుంతలు తవ్వుతుంటే దొరికాయట. “ఇంట్లో ఇంకా ఉన్నాయి సార్, మా అవ్వ రాత్రికి ఉడకబెడతానంది” అన్నాడు. గడ్డలు చూస్తే లేత గెనుసుగడ్డల్లాగే ఉన్నాయి. కానీ ఒక్కొక్కటి రెండు కొమ్మలుగా చీలి, నాగలి వంపు తిరిగి ఉంది. నాకు అనుమానం వచ్చింది. అనుమానమే, నిశ్చయంగా తెలియదు. సాయంత్రం బడి వదిలాక వాడితో వాళ్ల చేనికి వెళ్లాను. ఎండాకాలం కదా, ఆకు లేదు, పువ్వు లేదు. కంచెకు ఒక ఎండిన తీగ మాత్రం వేలాడుతోంది. దాని ఎండుటాకుల కొసలు స్ప్రింగులాగా చుట్టుకుని ముళ్లకొమ్మను పట్టుకుని ఉన్నాయి. అది చూశాక ఇక అనుమానం లేదు.

పూసిన కాలంలో ఈ మొక్కను గుర్తుపట్టడం సులభం. ఆరు రేకులుంటాయి, అంచులు అలలు అలలుగా ఉంటాయి. పువ్వు తల వంచుకుని ఉంటుంది గాని, రేకులన్నీ వెనక్కి విరుచుకుని పైకి లేస్తాయి. మొగ్గలో ఆకుపచ్చ, విచ్చినప్పుడు పసుపు, ముదిరేకొద్దీ నారింజ, చివరికి ఎరుపు. అందుకే ఒకే తీగ మీద నాలుగు రంగుల పువ్వులు కనిపిస్తాయి. ఆరు కేసరాలు చక్రం ఆకుల్లాగా చుట్టూ చాచుకుని ఉంటాయి. అండాశయం దగ్గరినుంచి కీలం ఒక పక్కకు, దాదాపు మూలమట్టంలాగా వంగిపోయి ఉంటుంది.

అయితే ప్రమాదమంతా పువ్వు లేని కాలంలోనే. జూన్‌లో వానలు పడగానే మొలకెత్తి, చలికాలానికి పైన ఉన్నదంతా ఎండిపోతుంది. గడ్డ మాత్రం భూమిలో నిద్రపోతుంది. తవ్వేవాళ్లకు దొరికేది అప్పుడే. కాబట్టి ఆకు ఉన్నప్పుడే ఆ చోటు గుర్తుపెట్టుకోవాలి. గెనుసుతీగ నేల మీద పాకుతుంది. పెండలం జాతి తీగలకు కాండమే కొమ్మను చుట్టుకుంటుంది, ఆకు సాధారణంగా హృదయాకారంలో ఉంటుంది. అడవినాభికి ఆకు సన్నగా, పొడుగ్గా, ఈటె మొనలాగా ఉండి, ఆ మొనే సాగి నులితీగ అవుతుంది. ఆకు కొసతో పట్టుకుని ఎక్కే తీగ కనబడితే దాని కింద తవ్వి తినే ఆలోచన పెట్టుకోకండి.

పేర్లు కూడా మనల్ని మోసం చేస్తాయి. నాభి అనే మాట వత్సనాభికీ ఉంది. అది హిమాలయాల వైపు మొక్క, దాని విషం వేరు. తమిళంలో దీన్నే కణ్‌వలిక్కిళంగు అంటారు, అంటే కంటినొప్పి గడ్డ. సంస్కృతంలో లాంగలి, అంటే నాగలి. గడ్డ ఆకారం చూసి పెట్టిన ఈ పేరే నాకు అన్నిటికన్నా పనికొచ్చింది.

ఇందులోని విషం కాల్చిసిన్. గడ్డలోనూ గింజలోనూ ఎక్కువ. తిన్న కొన్ని గంటలకు గొంతు మంట, వాంతులు, నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. కలరా అనుకుని పొరబడేవాళ్లుంటారు. ఒకరోజు తగ్గినట్టు కనిపించినా నమ్మకూడదు. తర్వాత రక్తకణాలు పడిపోతాయి, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, ప్రాణమే పోవచ్చు. బతికినవాళ్లకు కొన్నాళ్లకు జుట్టు ఊడిపోతుంది. చింతపండు రసం, మజ్జిగ అని ఇంట్లో కాలం గడపకుండా, తిన్న గడ్డ ముక్కతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇదే కాల్చిసిన్‌ను వైద్యులు గౌట్ అనే కీళ్లజబ్బుకు అతికొద్ది మోతాదులో ఇస్తారు. దానికోసమే కరూరు, దిండుక్కల్ వైపు రైతులు ఈ తీగను పందిళ్ల మీద పెంచి, ఉదయాన్నే చేత్తో పరాగం అద్ది, గింజలు పండించి ఎగుమతి చేస్తారు. విషమని విని కంచెల మీది తీగలన్నీ పీకేయమని నేను చెప్పడం లేదు. మందుల వ్యాపారం కోసం తవ్వి తవ్వి అడవిలో ఇది ఇప్పటికే తగ్గిపోయింది.

ఇక అవ్వ సంగతి. ఆ సాయంత్రమే వాళ్ల ఇంటికి పోయి చెప్పాను. ఆమెకు కోపమొచ్చింది. “గడ్డలు తినే పెరిగితిమి అయివారూ, మాకు తెలీదా?” అంది. “అవ్వా, నీకు తెలీదని కాదు, వానలదాకా ఆగు, నేనే నిరూపిస్తాను” అన్నాను. గడ్డలన్నీ తీసి ఇచ్చింది గాని, ముఖం అటు తిప్పుకునే ఇచ్చింది. బడి ఆవరణలో పిల్లల చెయ్యి అందని మూలన, పెద్ద కుండీల్లో రెండు నాటాను. మొలక గడ్డ కొస నుంచే వస్తుంది. ఒకదానికి పార తగిలి కొస విరిగిపోయిందేమో, అది మొలవలేదు. రెండోది జూన్ చివర తల ఎత్తింది, సెప్టెంబరులో పూసింది.

మనవడు చేయి పట్టుకుని అవ్వను తీసుకొచ్చాడు. కుండీ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. “ఇది మా చిన్నప్పుడు పశువులను తిననిచ్చేవాళ్లం కాదు అయివారూ. పువ్వు తెలుసు, గడ్డ తెలీదు” అంది. ఆ తరువాతి వారం పిల్లలతో కలిసి ఆమె గట్టంతా తిరిగి, ఆ తీగలున్న చోటల్లా ఒక సున్నపు రాయి పెట్టించింది. ఎండాకాలంలో తవ్వేవాళ్లకు అదే గుర్తు.