మూగదెబ్బ



కత్తిపీటకు వేలు తెగితే ఎవరైనా ఏం చేస్తారు? వెంటనే గుడ్డ చుడతారు. రక్తం కనిపిస్తుంది కాబట్టి భయపడతారు. మరి చర్మం తెగకుండా దెబ్బ తగిలితే? "రక్తమేమీ రాలేదులే" అని మళ్ళీ పనిలో పడతారు. పొరపాటు అక్కడే జరుగుతుంది.

ఇలాంటి దెబ్బనే మూగదెబ్బ అంటారు. పైకి గాయం ఉండదు. లోపల రక్తనాళాలు చిట్లుతాయి. రక్తం చర్మం కింద, కండలో చేరుతుంది. అందుకే ఆ చోటు వాస్తుంది, కములుతుంది.

కడప జిల్లాలో ఇవి ఎప్పుడూ ఉండే దెబ్బలే. జమ్మలమడుగు వైపు నాపరాతి గనిలో బండ జారి కాలిమీద పడుతుంది. పులివెందుల తోటల్లో అరటిగెల మోస్తూ జారిపడతారు. ప్రొద్దుటూరు దారిలో కూలీల ఆటో బోల్తా పడుతుంది. ఎద్దు కుమ్ముతుంది. ఇంట్లో మొగుడు తన్నినా అదీ మూగదెబ్బే.

ఒక లెక్క చూడండి. ఆడమనిషి ఒంట్లో రక్తం 4 లీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. తొడ ఎముక విరిగితే ఒక్క తొడలోనే 1 లీటరు రక్తం చేరవచ్చు. బయటికి చుక్క కూడా రాదు. అసలే రక్తం తక్కువున్న మనిషి దీన్ని తట్టుకోలేదు.

చిన్న దెబ్బకు ఏం చేయాలి?

పని ఆపి పడుకోవాలి. చల్లని నీళ్ళలో తడిపిన గుడ్డ వేయాలి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టాలి. రోజుకు నాలుగైదుసార్లు ఇలా చేయాలి. కాలు దిండు మీద ఎత్తి పెట్టాలి. నొప్పికి పారాసిటమాల్ బిళ్ళ వేసుకోవచ్చు. ఆస్పిరిన్ వద్దు. కమిలిన చోటు నల్లబడి, పచ్చబడి, రెండు మూడు వారాల్లో మామూలవుతుంది.

ఏం చేయకూడదు?

మొదటి రెండు మూడు రోజులు నూనె రుద్దకూడదు. కాపడం పెట్టకూడదు. రుద్దినా, వేడి తగిలినా రక్తం ఇంకా కారుతుంది. వాపును సూదితో పొడవకూడదు. బిగించి కట్టు కట్టకూడదు.

ఎప్పుడు ఆసుపత్రికి పోవాలి?

గనిలో ఒక అక్క పిక్కమీద బండ పడిందనుకోండి. రాత్రికి పిక్క రాయిలాగా బిగుసుకుంది. కాలివేళ్ళు కదిలిస్తే భరించలేని నొప్పి. పాదం తిమ్మిరెక్కింది. "తెల్లారనీలే" అని ఇంట్లోవాళ్ళు అంటారు. అనకూడదు. లోపలి వాపుకు నాళాలు నలిగిపోతాయి. కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది. డాక్టరు వెంటనే కోసి ఆ బిగువు వదిలిస్తే కాలు దక్కుతుంది.

డొక్కలో, కడుపులో దెబ్బ ఇంకా ప్రమాదం. కడుపు నొప్పి, ఉబ్బరం, ఎడమ భుజంలో పోటు ఉంటే లోపల రక్తం కారుతోందేమో చూడాలి. ఇవి కొన్ని రోజుల తర్వాత కూడా రావచ్చు. తలకు దెబ్బ తగిలి వాంతులు, మగత వచ్చినా ఆగకూడదు. గర్భిణికి కడుపుమీద దెబ్బ తగిలితే నొప్పి లేకపోయినా చూపించాలి. రక్తం పలుచన చేసే మందు వాడేవాళ్ళూ అంతే.

ముఖం పాలిపోయి, చెమటలు పట్టి, ఒళ్ళు చల్లబడి, కళ్ళు తిరిగితే ప్రాణానికే ముప్పు. వెల్లకిలా పడుకోబెట్టండి. దుప్పటి కప్పండి. తినడానికి, తాగడానికి ఏమీ పెట్టవద్దు. ఆపరేషన్ అవసరం కావచ్చు.

డాక్టరుకు నిజం చెప్పండి. తన్నులు తిని "మెట్లమీద పడ్డాను" అంటే దెబ్బ ఎక్కడ తగిలిందో ఆయనకెలా తెలుస్తుంది? పరువు కోసం ప్రాణం పోగొట్టుకోవద్దు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. 108 బండి ఉచితంగా వస్తోంది. ఒకటి, సున్న, ఎనిమిది. ఈ అంకెలు మీరు నేర్చుకున్నవే. పక్కింటామెకూ నేర్పండి.