ఫిన్లండు గృహస్థుల అడవులు

ఉత్తర ఐరోపాలోని ఫిన్లండు దేశమున అడవులలో సగమునకు పైగా ప్రభుత్వమునకు గాక సామాన్య కుటుంబములకే చెందియున్నవి. దక్షిణభాగమున ఈ పాలు మరింత హెచ్చు. కావున అచ్చట పురాతన వనములను కాపాడవలెనన్న, ఆ గృహస్థుల సమ్మతి లేక యే యత్నమును ఫలింపదు. 1990వ దశకమున ఐరోపా సమాఖ్యవారి నాచురా 2000 పథకము క్రింద రక్షిత ప్రదేశముల పట్టికలు తయారగునపుడు, తమ మాట వినకయే తమ భూములను చేర్చిరని యజమానులు తీవ్రముగా నిరసించిరి. వారు ప్రకృతిద్వేషులని నేననుకొనను. తాతలు పెంచిన చెట్టుపై పరుల యాజ్ఞ చెల్లుట యెవరికి మాత్రము రుచించును?

ఆ యనుభవము నేర్పిన పాఠముతో 2008లో ప్రభుత్వ మామోదించినది మెట్సో కార్యక్రమము. ఇందు బలవంతము లేదు. యజమాని తానై ముందుకు వచ్చి తన యడవిని చూపినచో, అధికారులు దాని జీవసంపదను పరీక్షింతురు. ఎండి నేలకొరిగిన మ్రాకులున్న అడవి వారికి మిక్కిలి విలువైనది. ఏలయన, ఆ దేశమున సుమారు 4,000 జీవజాతులు అట్టి మ్రాకుల నాశ్రయించియే బ్రతుకుచున్నవి. శాశ్వత రక్షణకు ఒప్పుకొన్నవారికి కలపవిలువకు సరితూగు పరిహారము ముట్టును, భూమియు వారి పేరనే నిలువవచ్చును. అంతకు మనసొప్పనివారు 10 ఏండ్ల ఒప్పందమును చేసికొందురు. సొమ్ము అవసరమే గాని, నిర్ణయము తమ చేతిలో నుండుటయే ఆ యజమానులను ఎక్కువగా ఒప్పించినదని నా దృఢమైన అభిప్రాయము.